సీసా కంటే ముందు బిరడా

(కాలిఫోర్నియాలోని ట్రేసీ పట్టణంలో, ఇంటి వద్ద వైను తయారు చేసుకునే తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ద్రాక్షపండ్ల ఎంపిక గురించి, ఈస్టు గురించి, మడ్డి తేర్చడం గురించి ఇంతకు ముందు మాట్లాడిన మిత్రులు చక్కగా వివరించారు. నాకు మిగిలినది సీసా. దీనికి ప్రత్యేకంగా ఒక ప్రసంగం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. సెప్టెంబరులో లోడై ప్రాంతపు తోటల నుంచి జిన్‌ఫండెల్ రకం ద్రాక్షపండ్లు తెచ్చి, తొక్కి, పులియబెట్టి, ఎనిమిది పది నెలలు పసిబిడ్డను సాకినట్టు సాకిన వైనును చివరికి ఒక శనివారం మధ్యాహ్నం ఇంట్లో చేతికందిన ఖాళీ సీసాలలోకి ఒంపేసి చేతులు దులుపుకునేవారు మనలో ఎక్కువమంది ఉన్నారు. మొదటి నాలుగేళ్ళు నేనూ అదే పని చేశాను. ఆ నాలుగేళ్ళలో నష్టపోయిన వైనులో చాలా భాగం తయారీలో చెడినది కాదు, సీసాలో చెడినది.

మా ఇంట్లో ఆవకాయ పెట్టే రోజులలో, బజారు నుంచి మామిడికాయలు రాకముందే మా నాయనమ్మ అటక మీది జాడీలను దింపించేది. ఒక్కొక్క జాడీని వేలి ముడితో తట్టి, ఖంగుమన్న దానిని ఒక పక్కకు, మూగగా పలికిన దానిని మరొక పక్కకు పెట్టేది. తరువాత మూత పెట్టి, దాని అంచు చుట్టూ వేలు తిప్పి, ఎక్కడైనా ఎగుడుదిగుడుగా కూర్చుందేమో చూసేది. వాసెన కట్టే గుడ్డ కూడా అప్పటికే ఉతికి ఆరవేసి ఉండేది. ఈ రోజు నేను చెప్పబోయే దానిలో సగం ఆమె చేసిన ఈ పనిలోనే ఉన్నది.

ముందుగా చట్టం సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం ఇంటి అవసరానికి, అమ్మకుండా, ఒకే వయోజనుడున్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉన్న ఇంట్లో 200 గ్యాలన్లు వైను పన్ను లేకుండా తయారు చేసుకోవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను లైసెన్సు లేకుండా ఇంట్లో వైను తయారు చేయడం నేరం. కాబట్టి ఇక్కడ విన్నది ఫోనులో అక్కడి బావమరిదికి చెప్పేటప్పుడు ఆ మాట కూడా కలిపి చెప్పండి.

ఇక అసలు విషయానికి వస్తాను. సీసాను ఎంచుకోవాలంటే సీసాను చూడడం మొదలు పెట్టకూడదని నా అభిప్రాయం. ముందు దానికి ఏ మూత పెట్టబోతున్నామో తేల్చుకోవాలి. కార్కు బిరడాయా, సోడా సీసాలకు వేసే రేకు మూతా, మర మూతా, తీగ బిగింపు ఉన్న పింగాణీ మూతా అన్నది తేలితే సీసా మూతి ఎలా ఉండాలో తేలుతుంది, మూతి తేలితే సీసా దాదాపుగా తేలినట్టే. ఆ మూత ఏదన్నది మళ్ళీ రెండు ప్రశ్నలను బట్టి ఉంటుంది: ఈ వైనును ఎన్ని నెలలకు తాగబోతున్నాము, దీనిలో గ్యాసు ఉన్నదా లేక పుట్టే అవకాశం ఉన్నదా.

మనలో అధికులు వాడేది బిరడానే కనుక దానితో మొదలు పెడతాను. ఇంటి వైనుకు దుకాణంలో 9వ నంబరు బిరడా అని అడిగి తెచ్చుకుంటాము. దాని వ్యాసం సుమారు 24 మిల్లీమీటర్లు. మామూలు వైను సీసా మూతి లోపలి వ్యాసం సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. అంటే బిరడా తన వెడల్పులో దాదాపు నాలుగో వంతు నొక్కుకుపోయి సీసాలోకి దిగాలి. దిగిన తరువాత మళ్ళీ విచ్చుకోవాలని అది గాజును నాలుగు వైపులా నెడుతూ ఉంటుంది కాబట్టే గాలి లోపలికి పోదు, వైను బయటికి రాదు. అంత బలంగా నొక్కడానికి చేతితో పట్టుకునే పరికరం పది సీసాలకు సరిపోతుంది కాని ముప్పై సీసాలకు భుజాలు పడిపోతాయి, కనుక మనలో చాలామంది నేల మీద నిలబెట్టి, పిడి కిందికి లాగే యంత్రం కొనుక్కుంటారు. ఆ యంత్రానికి దయాదాక్షిణ్యాలు ఉండవు. కింద పెట్టిన సీసా మెడ దానికి తట్టుకోగలదా లేదా అన్నది మనమే ముందుగా చూసుకోవాలి.

నేను వైను చేయడం మొదలుపెట్టిన మూడవ ఏట జరిగినది చెబుతాను. ఇరవై ఎనిమిది సీసాలు చక్కగా బిరడాలు వేసుకున్నాను, రెండు తక్కువయ్యాయి. వంటింటి అరలో మర మూత సీసాలు రెండు కనబడ్డాయి. ఎత్తు అదే, రంగు అదే, పైన మర గీతలు తప్ప తేడా ఏమీ కనబడలేదు. మొదటి దానికి బిరడా దిగింది. రెండవ దానికి పిడి లాగుతుండగా సన్నగా టిక్కుమని ఒక చప్పుడు వచ్చింది. యంత్రం పైకి ఎత్తి చూస్తే సీసా నిలబడే ఉన్నది, బిరడా దానిలోనే ఉన్నది, కాని మెడ చుట్టూ ఉంగరం ఆకారంలో గీత పడి, ఆ గీత వెంట ఎర్రటి చుక్కలు ముత్యాల పేరులా బయటికి వస్తున్నాయి. ఆ చుక్కలను చూసిన తరువాత, దిగినట్టు కనబడిన మొదటి సీసాను కూడా నేను సింకులో ఒంపేశాను. మర మూత సీసా మెడను పైనుంచి అల్యూమినియం తొడిగించుకోవడానికి తయారు చేస్తారు, లోపలి నుంచి నెట్టే బిరడాను భరించడానికి కాదు. దాని మూతి లోపలి కొలత కూడా బిరడాకు సరిపడేలా ఉండవలసిన అవసరం తయారు చేసినవారికి లేదు.

అదే మర మూతను తిరిగి బిగించి వాడుకోవచ్చు కదా అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఫ్యాక్టరీలో ఆ మూతను సీసా మీద పెట్టి, యంత్రం దాని పై అంచును గాజు మీదికి ఒత్తి, లోపలి పొరను బిగదీస్తుంది. ఒకసారి తిప్పి తీసిన తరువాత ఆ ఒత్తిడి మళ్ళీ రాదు. ఫ్రిజ్‌లో పెట్టి నెల లోపల తాగే వైనుకు ఫరవాలేదు, ఏడాది నిలవ పెట్టే వైనుకు పనికిరాదు.

బిరడా పొడవు గురించి పెద్దగా చింతించవలసినది లేదు. రెండేళ్ళ లోపల తాగేదానికి 38 మిల్లీమీటర్లది చాలు, అంతకు మించి దాచుకునేదానికి 44 లేక 45 మిల్లీమీటర్లది తీసుకోవచ్చు. ఇక రేకు మూతను మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు, బీరు సీసాలో వైను ఏమిటని నవ్వుతారు. నా అనుభవంలో ఏడాది లోపల అయిపోయే తెల్ల వైనుకు, పండ్ల వైనుకు 355 మిల్లీలీటర్ల బీరు సీసా, రేకు మూత కంటే చవకైన, నమ్మకమైన ఏర్పాటు మరొకటి లేదు. మూతి మీద తిప్పి తీసే మర ఉన్న బీరు సీసాలు మాత్రం వద్దు, వాటి అంచు మీద ఇంటి పరికరం సరిగా పట్టదు. పింగాణీ మూత, రబ్బరు ఉంగరం ఉన్న తీగ సీసాలు చూడముచ్చటగా ఉంటాయి, కాని రబ్బరు బిరుసెక్కితే మూత పేరుకే మూత. ఉంగరాలు మార్చే ఓపిక ఉన్నవారికే అవి.

ఇప్పుడు గ్యాసు సంగతి. దీని మీద కొంత ఎక్కువ సేపు నిలుస్తాను, ఎందుకంటే మిగిలిన పొరపాట్ల వలన వైను పోతుంది, ఈ పొరపాటు వలన కళ్ళు పోతాయి.

మనకు గోళీ సోడా తెలుసు. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పేటెంటు తీసుకున్న ఆ సీసాలో గ్యాసే గోళీని పైకి నెట్టి, రబ్బరు వాషరుకు అదిమి, తనను తానే లోపల బంధించుకుంటుంది. ఆ సీసా చేతికి ఎంత బరువుగా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. ఆ బరువంతా గాజుదే. తాటికల్లు తెలిసినవారికి మరొక సంగతి తెలుసు: పొద్దున దింపిన కల్లును సీసాలో పోసి మూత గట్టిగా బిగించి ఎవ్వరూ బస్సు ఎక్కరు. లోపల పొంగు ఆగలేదని, దారిలో అది మూతనైనా ఎగరగొడుతుందని లేదా సీసానైనా పగలగొడుతుందని అందరికీ ఎరుకే.

ఇది తెలిసి కూడా నేను చేసిన పని ఇది. ఒక ఏడాది డబ్బా బంగినపల్లి గుజ్జుతో మామిడి వైను చేశాను. పొంగు ఆగిపోయింది, తేట పడింది, రుచి చూస్తే బొత్తిగా తీపి లేకుండా ఉన్నదని పంచదార పాకం కలిపాను. ఈస్టు చనిపోయిందనుకున్నాను, అది నిద్రపోతున్నదంతే. అతిథులకు ఇవ్వడానికి అందంగా ఉంటాయని పలుచని తెల్ల గాజుతో చేసిన నలుచదరపు సీసాలు తెచ్చి నింపి, గ్యారేజీలో అర మీద వరసగా పేర్చాను. జూలై నెల వచ్చింది. ఈ ఊరి గ్యారేజీ జూలైలో ఎంత వేడెక్కుతుందో మీకు చెప్పనవసరం లేదు. ఒక రాత్రి పదకొండు గంటలకు తలుపు ఎవరో తన్నినట్టు చప్పుడైంది. వెళ్ళి చూస్తే మూడు సీసాలు లేవు. వాటి గాజు ఎదుటి గోడకు ఆనించిన అట్టపెట్టెలో గుచ్చుకుని ఉన్నది. పగటి పూట మా పిల్లల సైకిళ్ళు ఉండే చోటు అది.

లెక్క చాలా తేలికైనది. లీటరు వైనులో నాలుగు గ్రాముల పంచదార మళ్ళీ పులిస్తే మూసి ఉన్న సీసాలో సుమారు ఒక అట్మాస్ఫియరు ఒత్తిడి చేరుతుంది. షాంపేను తయారు చేసేవారు లీటరుకు సుమారు 24 గ్రాములు కావాలని కలిపి, ఆరు అట్మాస్ఫియర్ల దాకా తెస్తారు. అది మీ కారు టైరులోని గాలికి దాదాపు మూడు రెట్లు. అందుకే ఖాళీ షాంపేను సీసా కూడా 800 గ్రాములకు పైగా తూగుతుంది, అడుగున లోతైన గుంట ఉంటుంది. నేను పాకం కలిపినప్పుడు లీటరుకు ఎంత పడిందో కొలవనే లేదు.

గుండ్రటి సీసా ఒత్తిడిని చుట్టూ సమానంగా పంచుకుంటుంది. నలుచదరపు సీసాకు చదునైన గోడలు ఉబ్బాలని చూస్తాయి, భారమంతా మూలలకు చేరుతుంది. కనుక గ్యాసు పుట్టే అవకాశం లేశమైనా ఉన్న వైనును నలుచదరపు సీసాలో, పలకల సీసాలో, చేప ఆకారపు సీసాలో పోయకండి. కావాలని మెరుపు వైను, అంటే షాంపేనులా గ్యాసు ఉండే వైను, చేసేవారు షాంపేను సీసాలే వాడాలి. వాటికి రేకు మూత వేయవచ్చు, కాని అమెరికాలో తయారైన చాలా సీసాలకు 26 మిల్లీమీటర్ల మూత, యూరపు సీసాలకు 29 మిల్లీమీటర్ల మూత పడుతుంది, కాబట్టి సీసాలు కొన్న రోజే ఒక మూత పట్టి చూసుకోండి. తియ్యని వైను నిలవ చేయదలచినవారు సల్ఫైటుతో పాటు, ఈస్టు మళ్ళీ పెరగకుండా ఆపే పొటాషియం సోర్బేటు వేసి, కొన్ని వారాలు పెద్ద పాత్రలోనే ఉంచి, పొంగు తిరిగి మొదలు కాలేదని చూసుకున్న తరువాతే సీసాలు తీయాలి.

గాజు ఇంత గట్టిపడడం వెనుక ఒక చిన్న చరిత్ర ఉన్నది. ఇంగ్లండులో 1615లో రాజు జేమ్స్ గాజు కొలుములలో కట్టెలు కాల్చడాన్ని నిషేధించాడు, ఓడలకు కలప కావలసి వచ్చింది. గాజు పనివారు బొగ్గుకు మారారు. బొగ్గు వేడి ఎక్కువ, గాజు ముదురు రంగులో, మందంగా, గట్టిగా వచ్చింది. 1630ల నాటికి కెనెల్మ్ డిగ్బీ అనే ఆయన పేరు మీద ప్రసిద్ధికెక్కిన ఆ సీసాలే నేటి వైను సీసాకు ముత్తాతలు. రాజుగారు చెట్లను కాపాడుకోవాలనుకుంటే వైనుకు సీసా దొరికింది.

ఆకారం గురించి నేను ఎక్కువ చెప్పను. భుజాలు నిలువుగా ఉన్న బోర్డో సీసా అరలలో ఒకదాని మీద ఒకటి చక్కగా పడుకుంటుంది, ఒంపేటప్పుడు మడ్డిని భుజం దగ్గర ఆపుతుంది. మన ఇంటి వైనులో మడ్డి తప్పదు కనుక నా ఓటు దానికే. జారుడు భుజాల బర్గండీ సీసాలు పేర్చితే జారిపోతాయి, సన్నగా పొడుగ్గా ఉండే రీస్లింగ్ సీసాలు అరల నుంచి ముక్కు బయటపెట్టి నిలుస్తాయి.

రంగు మాత్రం అలంకారం కాదు. వైనులో రైబోఫ్లావిన్ అనే బి2 విటమిను ఉంటుంది. సుమారు 370 నుంచి 440 నానోమీటర్ల కాంతి తగిలితే అది గంధకం ఉన్న అమైనో ఆమ్లాలతో చర్య జరిపి, ఉడికిన క్యాబేజీ వాసన పుట్టిస్తుంది. తెల్ల గాజు ఆ కాంతిని దాదాపుగా ఆపదు, ఆకుపచ్చ గాజు కొంత ఆపుతుంది, గోధుమ రంగు గాజు చాలా వరకు ఆపుతుంది. ఎర్ర వైనుకు వగరునిచ్చే టానిన్లు దానిని కొంత కాపాడతాయి, తెల్ల వైనుకు ఆ రక్ష లేదు. దుకాణాలలో చూస్తే లేత వైనులే తెల్ల సీసాలలో మెరుస్తూ కనబడతాయి, పాడయ్యేవాటికే పలుచని చొక్కా తొడిగినట్టు. మీ మామిడి వైను రంగు చూపించుకోవాలని ఉంటే తెల్ల సీసాలోనే పోయండి, కాని అట్టపెట్టెలో పెట్టి మూయండి. పాత స్ఫటిక గాజు బుడ్డీలలో మాత్రం నిలవ పెట్టవద్దు. ఆ గాజులో సీసం ఉంటుంది, అది వైనులోకి దిగుతుంది.

ఎన్ని సీసాలు కావాలన్న లెక్కకు ఈ దేశపు పాత కొలత ఒకటి ఉపయోగపడుతుంది. 1979 జనవరి 1 నుంచి వైనుకు మెట్రిక్ సీసాలు తప్పనిసరి అయ్యేదాకా ఇక్కడ సీసాను గ్యాలనులో ఐదవ వంతుగా లెక్కించేవారు, అంటే 757 మిల్లీలీటర్లు. ఇప్పటి 750 దానికి ఏడు మిల్లీలీటర్లే తక్కువ. కనుక గ్యాలనుకు ఐదు సీసాలని గుర్తు పెట్టుకుంటే చాలు: ఆరు గ్యాలన్ల కార్బాయ్‌కి, అంటే వైను ఉంచే పెద్ద బుడ్డికి, ముప్పై. మడ్డి కింద ఒకటో రెండో పోతాయి, అయినా ముప్పై రెండు సీసాలు కడిగి పెట్టుకోండి. ఆఖరున రెండు సీసాలు తక్కువైనప్పుడు మనిషి ఏమి చేస్తాడో నా మర మూతల కథలో విన్నారు.

పాత సీసాలా, కొత్త సీసాలా అని చాలామందికి సందేహం. నేను పాతవే వాడతాను. 2024 జనవరి 1 నుంచి ఈ రాష్ట్రంలో వైను సీసాలను కూడా డిపాజిట్ పథకంలో చేర్చారు, మామూలు వైను సీసా తిరిగి ఇస్తే పది సెంట్లు వస్తాయి. ఆ పది సెంట్లు వదులుకోవడానికి ఇష్టపడే మిత్రులు మనకు కొదువ లేదు. తాగిన రాత్రే రెండు సార్లు నీళ్ళు పోసి కలియదిప్పి, బోర్లించి పెట్టమని వారికి ముందే చెప్పండి. అడుగున ఎండి బూజు పట్టిన సీసాను గంటసేపు రుద్దడం కంటే డబ్బాలో వేయడం మేలు. వచ్చిన ప్రతి సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి చూడాలి. మూతి అంచు మీద పలుచని గుడ్డ తిప్పి చూడాలి, ఎక్కడైనా పెచ్చు లేచి ఉంటే గుడ్డ పోగు పట్టుకుంటుంది. లేబుళ్ళకు వేడినీళ్ళలో చాకలి సోడా వేసి రాత్రంతా నానబెడితే చాలావరకు వాటంతట అవే తేలుతాయి. తేలనివాటితో పోట్లాడకండి, ఆ లేబులు మీదే మీ లేబులు అతికించండి.

కడగడానికి బ్లీచింగు మాత్రం వాడవద్దు. దానిలోని క్లోరిను, బిరడాలోను అట్టపెట్టెలలోను ఉండే సహజ పదార్థాలతో, బూజుతో కలిసి ట్రైక్లోరోఅనిసోల్ అనే దానికి దారి తీస్తుంది. తడిసి ముక్కిన అట్ట వాసన అదే, లీటరులో గ్రాము కాదు, లక్ష కోట్ల వంతుల్లో కొన్ని వంతులు ఉన్నా ముక్కుకు తెలుస్తుంది. శుభ్రంగా కడిగిన సీసాకు పొటాషియం మెటాబైసల్ఫైటు ద్రావణం, గ్యాలను నీటికి 50 గ్రాముల చొప్పున కలిపినది, చిలకరించి బోర్లిస్తే చాలు. ఆ పని తలుపులు తీసి చేయండి, ఉబ్బసం ఉన్నవారు ఇంట్లో ఉంటే వారిని దూరంగా ఉండమనండి, ఆ గంధకపు ఘాటు వారికి పడదు.

నింపేటప్పుడు బిరడా అడుగుకు, వైనుకు నడుమ ఒకటిన్నర సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. వేడి పది డిగ్రీలు పెరిగితే 750 మిల్లీలీటర్ల వైను సుమారు రెండు మిల్లీలీటర్లు ఉబ్బుతుంది. అది సీసా కడుపులోనైతే లెక్కలోనిది కాదు కాని, ఆ సన్నని మెడలో ఏడెనిమిది మిల్లీమీటర్ల ఎత్తు అవుతుంది. ఖాళీ లేకపోతే వైనే బిరడాను పైకి నెడుతుంది. బిరడా దిగేటప్పుడు ఇరుక్కున్న గాలి సర్దుకోవడానికి మూడు రోజులు సీసాలను నిలబెట్టి ఉంచి, తరువాత పక్కకు పడుకోబెట్టండి.

చివరికి కార్బాయ్‌లో ఒక సీసాకు చాలని వైను మిగులుతుంది. దాని కోసం నేను ఒక 375 మిల్లీలీటర్ల సీసా, ఒక 187 మిల్లీలీటర్ల సీసా కడిగి పక్కన ఉంచుకుంటాను. చిన్న సీసాలో వైనుకు తగిలే గాలి పాలు ఎక్కువ కాబట్టి అది త్వరగా ముదురుతుంది. నెల తిరిగాక ముందుగా ఆ బుల్లి సీసాను తెరిచి రుచి చూస్తాను, పెద్ద సీసాలను ఇంకా ఎన్నాళ్ళు కదిలించకుండా ఉంచాలో అదే చెబుతుంది. పోయిన ఏటి జిన్‌ఫండెల్ బుల్లి సీసా ఒకటి నా సంచిలో ఉన్నది, ప్రశ్నలు అడగదలచినవారు గ్లాసులు పట్టుకుని ముందుకు రండి.